కంపెనీ పగ మోసిన బొజ్జయ్య

టవరు కాపలా పనిలో చేరిన మొదటి వారంలోనే బొజ్జయ్యకు కంపెనీ ఇచ్చిన ఆకుపచ్చ టోపీలో కోడి గుడ్లు పెట్టింది. టోపీ మాయకుండా ఉండాలని అతను చూరు కింద మంచి జాగా చూసి పెట్టాడు. కోడికి కూడా అదే మంచి జాగా అనిపించింది. పొదుగుతున్న కోడిని లేపడం పద్ధతి కాదు కాబట్టి, పిల్లలు బయటికి వచ్చేదాకా బొజ్జయ్య తలకు తువ్వాలు చుట్టుకుని డ్యూటీ చేశాడు. ఖమ్మం నుంచి తనిఖీకి వచ్చిన సూపర్‌వైజర్ ప్రభాకర్ టోపీ ఏదని అడిగాడు.

"పొదుగుల ఉంది సార్," అన్నాడు బొజ్జయ్య.

ప్రభాకర్ పెన్ను తీశాడు. "ఎప్పటికి వస్తది?"

"పిల్లలు లేస్తే వస్తది సార్."

ప్రభాకర్ తన కాగితం మీద టోపీ ఉతుకుడుకు వేసినట్టు రాసుకున్నాడు. అబద్ధమే గాని, అతను మాత్రం ఏం చేస్తాడు, ఆ కాగితంలో కోడికి గడి లేదు.

ఇప్పలగుంపు పినపాక నుంచి లోపలికి, వాగు దాటాక వచ్చే కోయ పల్లె, వాళ్ల మాటలో గుంపు. ఇళ్లన్నీ ఒక చూపులో పడతాయి. టవరు రాకముందు బొజ్జయ్య కూడా అందరిలాగే ఎండాకాలం తునికాకు కోసేవాడు, మిల్లు కోసం వెదురు నరికేవాడు, వాన పడితే పోడులో జొన్న, చిక్కుడు వేసేవాడు. రెండువేల ఆరులో ఊరి పక్క గుట్ట మీద సెల్‌ఫోన్ టవరు లేచినప్పుడు, నమ్మకమైన మనిషి కావాలంటే గుంపు పెద్ద ఇతన్ని చూపించాడు. చూపించడంలో తప్పేమీ లేదు. బొజ్జయ్యకు ఏదైనా ఒకసారి చెబితే చాలు, చెప్పినవాడు మరిచిపోయినా అతను మరిచిపోడు. అతని బతుకులో జరిగిన నష్టమంతా ఈ మంచి గుణం వల్లే జరిగింది.

అతనికి అక్క ఒకతే, జంపక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆమే పెంచింది. చంకన వీణ్ణి వేసుకుని తునికాకు కోసింది. పెళ్లీడు వచ్చినప్పుడు తమ్ముణ్ణి వదిలి ఇంకో ఊరికి పోనంటే, పెద్దలు ఆ గుంపులోనే దూలయ్యకు ఇచ్చారు. దూలయ్య నోరు ఆగని మనిషి. ఎదుటివాణ్ణి నవ్వించకుండా చుట్ట కూడా వెలిగించడు. బొజ్జయ్య ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తల పండుగనాడు ఆడబిడ్డ వచ్చి కూర్చుని మొదటి ముద్ద అందిస్తే తప్ప ఆ ఇంట్లో కొత్త చిక్కుడు గాని, కొత్త గింజ గాని ఎవరూ నోట పెట్టరు. జంపక్క వచ్చేది, కూర్చునేది, తమ్ముడి నోట్లో ముద్ద పెట్టి "నములు, మింగు" అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పేది. మీసాలు వచ్చాక కూడా బొజ్జయ్య బుద్ధిగా నమిలి మింగేవాడు.

మరుసటి సంవత్సరం అదే గుట్ట మీద, రాయి విసిరితే తగిలే దూరంలో, ఇంకో కంపెనీ ఇంకో టవరు నిలబెట్టింది. దాని రంగు వంకాయ రంగు. దానికి పెద్ద ఇంగ్లీషు పేరేదో ఉంది గాని, గుంపులో అందరూ వంకాయ కంపెనీ అనే అన్నారు. రెండు టవర్లు ఎందుకని ఎవరికీ తోచలేదు. ఆకాశం పెద్దది కదా, ఒక్కటి సరిపోలేదేమో అనుకున్నారు. వంకాయ కంపెనీ సూపర్‌వైజర్ కుమారస్వామికి కూడా నమ్మకమైన మనిషి కావలసి వచ్చింది. ఈసారి గుంపు పెద్ద దూలయ్యను చూపించాడు. జంపక్క అందరికంటే ఎక్కువ సంతోషపడింది. మొగుడూ తమ్ముడూ ఒకే గుట్ట మీద, ఒకే చెట్టు కింద సద్ది విప్పుకుంటారని ఆమె లెక్క.

కానీ ప్రభాకర్ లెక్క వేరే ఉంది. వంకాయ టవరు మీద దీపం వెలిగిన వారం అతను మోటార్‌సైకిల్ మీద వచ్చి, హెల్మెట్ తీయకుండానే చెప్పాడు.

"బొజ్జయ్యా, ఇగ జాగ్రత్తగ ఉండాలె. వాళ్లు మన కాంపిటీటర్లు. వాళ్ల మనిషి మన గేటు లోపల కాలు పెట్టొద్దు. మన డీజిల్ చుక్క అటు పోవద్దు."

"ఆయన మా బావ సార్."

"బావ ఇంటికాడ. ఇక్కడ కాంపిటీటర్."

బొజ్జయ్య ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే పగోడా సార్?"

ప్రభాకర్ పొద్దు గూకేలోపు మణుగూరు చేరాలి. "ఆ, అదే అనుకో," అని బండి తిప్పాడు.

ఖమ్మంలో ఆ మాటకు బరువు లేదు. ఆఫీసులో పొద్దున లేస్తే యుద్ధం, దెబ్బ, శత్రువు అంటూనే ఉంటారు, మధ్యాహ్నం అందరూ కలిసి టీ తాగుతారు. ఇప్పలగుంపులో పగ అంటే అట్లా కాదు. పగ పడితే ఒకరి పొయ్యిలో నిప్పు ఇంకొకరు తీసుకోరు, నీళ్లు అడగరు, అడిగినా పోయరు. దాన్ని పెట్టినవాళ్లే వచ్చి దించాలి, మధ్యలో వాళ్లకు దించే హక్కు లేదు. కంపెనీ పగ పెట్టింది కాబట్టి కంపెనీయే దించాలని బొజ్జయ్య అనుకున్నాడు. అందులో అతనికి తప్పు కనిపించలేదు. ప్రభాకర్ వచ్చినప్పుడల్లా, "పగ దిగిందా సార్?" అని అడిగేవాడు. అది మంచి హాస్యమనుకుని ప్రభాకర్ నవ్వేవాడు. "ఎక్కడ దిగింది, ఈ నెల ఇంకా ఎక్కువైంది. వాళ్లు రేటు తగ్గించిండ్రు, మనం ఇంకింత తగ్గించినం."

మొదట్లో అది నవ్వులాటగానే నడిచింది. దూలయ్య కంచె అవతల నుంచి కేక వేసేవాడు.

"ఏం బావమరిదీ, మీ కంపెనీ బతికే ఉందా?"

బొజ్జయ్య డ్యూటీలో పలికేవాడు కాదు. సాయంత్రం టోపీ తీశాక, ఇంటి దగ్గర జవాబు చెప్పేవాడు. "ఉంది బావా."

"పొద్దున అడిగితే మాపటికి చెప్తివి. మీ సిగ్నలు బాగ స్లో."

ఈలోగా గుంపులోకి ఫోన్లు వచ్చాయి. కోయల్లో గట్లు ఉంటాయి. మూడో గట్టువాళ్లంతా తమలో తాము అన్నదమ్ములు, పిల్లను ఇచ్చుకోరు. ఐదో గట్టువాళ్లూ అంతే. ఇచ్చిపుచ్చుకోవడం ఈ గట్టుకూ ఆ గట్టుకూ మధ్య. బొజ్జయ్యది మూడో గట్టు కాబట్టి మూడో గట్టు ఇళ్లన్నీ ఆకుపచ్చ సిమ్ములు కొన్నాయి. దూలయ్యది ఐదో గట్టు కాబట్టి వాళ్లంతా వంకాయ సిమ్ములు కొన్నారు. మన ఇంటివాడి కంపెనీ వదిలి ఇంకొకరిది కొంటే బాగుండదు కదా. ఇప్పలగుంపులో ఆకుపచ్చ సిమ్ము కొన్నవాడు ఒక్కడు కూడా వంకాయకు మారలేదని ఖమ్మం ఆఫీసులో గోడ మీద బొమ్మ గీసి చూపించారట. ఇంత విధేయులైన కస్టమర్లు జిల్లాలో ఎక్కడా లేరని ప్రభాకర్‌కు సూట్‌కేసు బహుమానం ఇచ్చారు. ఎట్లా సాధించావని అడిగితే అతను ఏదో ఇంగ్లీషులో చెప్పాడట. పాపం, అతనికి నిజంగా తెలియదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆకుపచ్చ నుంచి ఆకుపచ్చకు మాట్లాడితే దాదాపు ఊరికే, వంకాయకు మాట్లాడితే నిమిషానికి ఇంత. అవతలివాళ్లకూ అంతే. కంపెనీలు తమ మనుషులు తమ దగ్గరే ఉండాలని పన్నిన ఎత్తు అది. మనిషి మాట్లాడవలసినదంతా వియ్యంకులతో, మేనమామలతో, అత్తింటితో, అంటే అవతలి గట్టుతో, అవతలి సిమ్ముతో. చవకగా దొరికింది మాత్రం అన్నదమ్ములతో మాట. అన్నదమ్ములకు మాట్లాడుకోవడానికి ఏముంటుంది? పొద్దస్తమానం ఒకే పోడులో ఉంటారు. అయినా ఊరికే వస్తుంది గనక మాట్లాడుకున్నారు, మాట్లాడీ మాట్లాడీ రెండు కొట్లాటలు కూడా పెట్టుకున్నారు. చుట్టాలతో మాటలు మాత్రం తగ్గిపోయాయి. ఇదివరకు నడిచి పోయేవాళ్లు. ఇప్పుడు ఫోన్ ఉంది కదా అని నడక మానేశారు, డబ్బులవుతాయని ఫోనూ మానేశారు.

ఆ ఏడు కొత్తల పండుగకు అక్కను పిలవాలా వద్దా అని బొజ్జయ్య చాలా నలిగాడు. ప్రభాకర్‌ను అడుగుదామంటే అతను రాలేదు. పండుగనాడు జంపక్క పిలవకుండానే వచ్చి చాప పరుచుకుంది.

"పగ మీ కంపెనీలది. చిక్కుడు మా అమ్మది," అంది. ముద్ద పెట్టింది. బొజ్జయ్య నమిలి మింగాడు. అతని భార్య రామక్క, హమ్మయ్య అనుకుని గిన్నెలు దించింది.

ఆ మరుసటి వానాకాలం గోదావరి లేచింది. వాగు ఎదురుతన్నింది, రోడ్డు మునిగింది, కరెంటు పోయింది. రెండు టవర్లూ జనరేటర్ల మీద నడిచాయి. ఆకుపచ్చ కంపెనీ ముందుచూపుతో డ్రమ్ములు నింపి పెట్టింది. వంకాయ కంపెనీ డీజిల్ బండి వాగు అవతల ఆగిపోయింది. దూలయ్య జనరేటర్ దగ్గి దగ్గి ఆగింది. టవరు పడుకుంటే కాపలావాణ్ణి తీసేస్తామని కుమారస్వామి ముందే చెప్పి ఉన్నాడు. దూలయ్యకు మలేరియా, గొంగడి కప్పుకుని వణుకుతున్నాడు. కాబట్టి జంపక్క బయల్దేరింది.

మధ్యాహ్నం వేళ. వాన ఏకధారగా పడుతోంది. ఆమె నెత్తి మీద వానకు అడ్డంగా మోదుగాకుల గూడ, చేతిలో ఖాళీ డబ్బా. గేటు దగ్గర నిలబడి తమ్ముణ్ణి పిలిచింది. వాళ్లు మాట్లాడుకున్నది కోయలో, ఇక్కడ తెలుగులో పెట్టవలసి వచ్చింది.

"ఒక్క డబ్బా పొయ్యి తమ్మీ. బండి వచ్చినంక తిరిగి పోస్తం."

బొజ్జయ్య తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు కూడా. అక్కడే ఆగిపోయాడు. "పగ దిగలే అక్కా. సారు వచ్చి దించాలె."

"ఏందిరా?"

"కంపెనీ పగ. చుక్క కూడ అటు పోవద్దన్నడు. నువ్వు ఇంటికాడికి వచ్చి బియ్యం అడుగు, జొన్నలడుగు, నేను ఉపాసముండి పెడతా. ఇక్కడ అడగకు."

"నీకు ఇల్లు ఒకటి, గేటు ఒకటా?" జంపక్క గొంతు పెంచలేదు. "నీకు నాకు పగ పెట్టినోడు ఎవడు?"

"ఖమ్మం సారు."

"ఆయన నిన్ను ఎన్నడన్న చంకన ఎత్తుకున్నడా?"

బొజ్జయ్య తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు. అతను అబద్ధం ఆడలేడు, మాట తప్పలేడు. ఈ రెండింటి మధ్య సందు లేక ఊరికే నిలబడ్డాడు. ఇనుప గేటు మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. జంపక్క ఖాళీ డబ్బాను గేటు ముందు బోర్లించి, వెనక్కి చూడకుండా గుట్ట దిగింది. ఇంటి ముందు పాత్ర బోర్లించి పోవడమంటే ఇక ఆ ఇంటితో తెగిపోయినట్టేనని ఆ గుంపులో పసిపిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు.

నీళ్లు తగ్గాక కుమారస్వామి వచ్చి దూలయ్యను తీసేశాడు. చొక్కా, టార్చిలైటు తిరిగి తీసుకున్నాడు. దూలయ్య హాస్యమేమీ ఆడకుండా ఇచ్చేశాడు. అది చూసి గుంపులో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మొగుడూ పెళ్లాం ఇంటి తలుపుకు ముళ్లకంప పెట్టి సారపాక పోయారు. అక్కడ కాగితం మిల్లుకు వచ్చే జామాయిల్ దుంగలు దించే కాంట్రాక్టు పని దొరికింది. వంకాయ టవరుకు వేరే ఊరి మనిషి వచ్చాడు.

ఆ ఏడు కొత్తల పండుగ వచ్చింది, పోయింది. చాప పరిచి ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. రామక్క పందిరి మీది చిక్కుడు చూసి, మొగుణ్ణి చూసి, పాత జొన్నలే దంచింది. అందరి ఇళ్లలో కొత్త చిక్కుడు ఉడికిన వాసన వస్తుంటే ఆ ఇంట్లో పాత గింజల సంకటి. కాయలు తీగ మీదే ముదిరి, ఎండి, గాలికి గలగలమన్నాయి.

"పోయి కాళ్లు పట్టుకో," అంది రామక్క.

"పగ దిగకుండ ఎట్ల పోతా?"

"ఆ సారు నీ కొంప ముంచిండు."

"సారు తప్పేముంది. ఆయన చెప్పిండు, నేను విన్న."

పగ దిగడానికి ఇంకో ఏడు పట్టింది. అది దిగిన తీరు ఇట్లా ఉంది. కంపెనీలు ఒకరు పైసా తగ్గిస్తే ఒకరు పైసా తగ్గించుకుంటూ పోయాయి. తగ్గించడానికి ఇంక ఏమీ మిగలనప్పుడు, అడవిలో ఒకే గుట్ట మీద రెండు జనరేటర్లు డీజిల్ తాగడం ఎందుకని పెద్దవాళ్లకు తోచింది. రెండువేల తొమ్మిదిలో ఒకరోజు ప్రభాకర్, కుమారస్వామి ఒకే జీపులో వచ్చారు. ఒకే పొట్లంలో మిరపకాయ బజ్జీలు తింటూ దిగారు. వాళ్ల వెనక కూలీలు వంకాయ కంపెనీ డబ్బాలు, పళ్లేల్లాంటి యాంటెన్నాలు మోసుకొచ్చి ఆకుపచ్చ టవరుకే బిగించారు. రెండో టవరును ఇనుప సామాను కింద ఊడదీశారు.

"బొజ్జయ్యా, నువ్వు అడిగేటోడివి కదా. దిగింది నీ పగ," అన్నాడు ప్రభాకర్. "ఇగ రెండు కంపెనీలది ఒకటే ఇల్లు. స్వామి సార్ వస్తే గేటు తియ్యి."

బొజ్జయ్య చేతులు కట్టుకుని అడిగాడు. "ఎప్పుడు దిగింది సార్?"

"కాయితాలు పోయిన నెల అయినయ్."

కుమారస్వామి బజ్జీ నములుతూ సరిదిద్దాడు. "పైనోళ్లకు శానా రోజులసంది మాటలు నడుస్తనే ఉన్నయ్. ఆ వరదల ఏడే మొదలైంది. మాకైతే ఎప్పుడున్నది పగ? మణుగూరుల మేమిద్దరం ఒకటే రూము, కిరాయి చెరిసగం. మీ సారు వంట, నేను గిన్నెలు."

ఇద్దరూ నవ్వారు. మంచివాళ్లే, ఆ నవ్వులో కల్మషం లేదు. బొజ్జయ్య వాళ్ల నోళ్లు నవ్వడం చూశాడు. ఆ మాటలో తాను నవ్వవలసింది ఎక్కడుందో వెతికాడు. తర్వాత గేటు వైపు, వానలో ఒక మనిషి నిలబడేంత జాగా వైపు చూసి, జనరేటర్ దగ్గరికి పోయి కూర్చున్నాడు.

కొత్తలకు ముందు రోజు ఒక సంచిలో లేత చిక్కుడు కాయలు కోసుకుని సారపాక బస్సెక్కాడు. మిల్లు వాసన బూర్గంపాడు నుంచే తగిలింది. మిల్లు గోడ వెనక రేకుల ఇళ్ల వరుసలో ఒకదాని ముందు జంపక్క బెరడు చీలికలు ఎండబెడుతోంది, పొయ్యిలోకి. చిక్కిపోయింది. లోపల దూలయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుంగ జారి నడుము మీద పడి నాలుగు నెలలైందని పక్కింటివాళ్లు ముందే చెప్పారు.

"అక్కా," అన్నాడు బొజ్జయ్య, తమ కోయ మాటలో.

జంపక్క తలెత్తింది. "ఎవరు కావాలె?" అంది తెలుగులో.

పుట్టిన దగ్గర నుంచి ఆమె అతనితో తెలుగులో మాట్లాడలేదు. తెలుగు సంతలో షావుకారుతో, ఫారెస్టు గార్డుతో, బస్సు కండక్టరుతో మాట్లాడే మాట. బొజ్జయ్య సంచి కింద పెట్టాడు.

"పగ దిగింది అక్కా. రేపు కొత్తలు. వచ్చి కూర్చో."

"ఎవరు దించిండ్రు?"

"కంపెనీలు."

"అయితే కంపెనీలనే పిలిచి కూర్చోబెట్టుకోండ్రి," అంది జంపక్క, మళ్లీ తెలుగులోనే. కోపం లేదు. ధర అడిగితే చెప్పినట్టు చెప్పింది. లోపలికి పోయి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి, చుట్టానికి ఇచ్చినట్టు కింద పెట్టింది. అతను తాగాడు. సంచి ముందుకు జరిపాడు. ఆమె దాన్ని అంతే మెల్లగా వెనక్కి జరిపింది.

లోపల నుంచి దూలయ్య గొంతు వినబడింది, ఇంకా గోడ వైపే తిరిగి. "ఎవరు వచ్చిండ్రు?"

"ఎవరో టవరాయన," అంది జంపక్క.

దూలయ్య ఇంకేమైనా అంటాడని బొజ్జయ్య చాలాసేపు చూశాడు. తిట్టినా సరే, ఎగతాళి చేసినా సరే అనుకున్నాడు. చివరి బస్సుకు సంచి తీసుకుని లేచాడు.

ఇంటికి వచ్చాక రామక్క ఆ సంచిని చూసింది. మరునాడు గుంపులో డోలు మోగింది. ఆ ఇంట్లో మళ్లీ పాత జొన్నలే దంచారు. ఆ తర్వాత కూడా ప్రతి ఏడూ బొజ్జయ్య చిక్కుడు వేస్తూనే ఉన్నాడు. ఎందుకు వేస్తావు, తినేది లేదు కదా అని గుంపు పెద్ద అడిగితే, వేయకపోతే తీగ ఎట్లా వస్తుందన్నాడు. ముదిరినవన్నీ రామక్క సంతలో అమ్మేది.

పగ దిగిన సంవత్సరం ఆఖరులోనే ఒకరోజు కుమారస్వామి తనిఖీకి వచ్చి తిరిగి పోతుండగా, గుట్ట దిగేచోట జీపులో డీజిల్ అయిపోయింది. డ్రైవరును డబ్బా ఇచ్చి పైకి పంపాడు. వాడు ఖాళీ డబ్బాతో తిరిగి వచ్చాడు. కుమారస్వామి స్వయంగా ఎక్కి వచ్చి అడిగాడు. బొజ్జయ్య లేచి నిలబడ్డాడు, నమస్కారం పెట్టాడు, గేటు తీశాడు, డీజిల్ మాత్రం పోయలేదు. పెద్దమనిషి వాగు దాకా నడిచి, కట్టెల లారీ ఎక్కి మణుగూరు చేరాడు. ఆ పూట రూములో వంట కాలేదని, గిన్నెలు కూడా ఎవరూ కడగలేదని వినికిడి.

రెండో రోజు ప్రభాకర్ వచ్చాడు. ఈసారి హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"నీ మీద కంప్లెయింట్ వచ్చింది బొజ్జయ్యా. పైదాకా పోతే నా చేతుల ఉండదు, నీ పని పోతది. ఆయన మనోడేనని చెప్పిన గదా? లోపల డ్రమ్ములకు డ్రమ్ములు ఉన్నయ్. ఒక్క డబ్బా డీజిల్ ఇయ్యడానికి నీకేమైంది?"

"మా అక్కకు ఇయ్యనిది ఆయనకెట్ల ఇస్త సార్," అన్నాడు బొజ్జయ్య.